బొమ్మల్లో బటన్ బ్యాటరీలు: మూతకి టేప్ వేస్తే సరిపోతుందా? మింగితే ఏం చేయాలి?

అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ. బాబుకి రెండేళ్ళు నిండాయి, పుట్టినరోజుకి వచ్చిన బొమ్మల్లో సగానికి పైగా లైట్లు వెలిగేవి, పాటలు పాడేవి. వాటిలో ఒక పాడే పిట్ట కిందపడి, వెనక మూత ఊడి, బిళ్ళలాంటి బ్యాటరీ దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. తల్లి చూశారు కాబట్టి తీసేశారు. మూతకి గట్టిగా టేప్ చుట్టి మళ్ళీ ఇవ్వొచ్చా అన్నది మొదటి ప్రశ్న. ఒకవేళ మింగినా అరటిపండు పెడితే మర్నాటికి విరేచనంలో పోతుందని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు, అది నిజమేనా అన్నది రెండోది.

రెండింటికీ నా జవాబు ఒకటే: కాదు. టేప్ చాలదు, ఆ బొమ్మ బాబుకి ఇవ్వకండి. మింగితే, లేదా మింగాడేమోనని అనుమానం వచ్చినా, మర్నాటి దాకా కాదు, అరగంట కూడా ఆగకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి బయల్దేరాలి. నేను పిల్లల డాక్టర్ని, చాలా ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. గొంతులో ఇరుక్కున్న రూపాయి బిళ్ళలు, వేరుశనగ గింజలు, పిన్నీసులు అన్నీ చూశాం. ఇప్పటికీ రాత్రి పూట ఫోన్ వచ్చి "బ్యాటరీ" అన్న మాట వినపడితే చెప్పులేసుకుంటూనే మాట్లాడతాను. మిగతావాటికి కొంత వ్యవధి ఉంటుంది, దీనికి ఉండదు.

ఎందుకు ఉండదో ముందు చెప్తాను, ఎందుకంటే అది అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ మీకే తోస్తాయి. చాలామంది బ్యాటరీ లోపలి రసం కారి విషమవుతుందని అనుకుంటారు. అసలు ప్రమాదం అది కాదు. కొత్త బ్యాటరీ చెక్కుచెదరకుండా, తళతళలాడుతూ ఉన్నా గొంతుని కాల్చేస్తుంది. అన్నవాహిక గోడలు ఎప్పుడూ తడిగా ఉంటాయి. బ్యాటరీ అక్కడ ఇరుక్కోగానే ఆ తడి కండ గుండా కరెంటు పారడం మొదలవుతుంది. కరెంటు పారినచోట నీరు విడిపోయి, బ్యాటరీ మైనస్ వైపు హైడ్రాక్సైడ్ తయారవుతుంది. మూసుకుపోయిన డ్రైనేజీ పైపుల్లో పోసే కాస్టిక్ సోడా ఉంది కదా, అలాంటి క్షారం పిల్లాడి గొంతులో అక్కడికక్కడే ఊరుతూ ఉంటుందన్నమాట. పావుగంటకే గాయం మొదలవుతుంది, రెండు గంటల్లో లోతుగా కాలిపోతుంది. ఆ తర్వాత అన్నవాహికకి చిల్లు పడవచ్చు, పక్కనే ఉన్న శ్వాసనాళంలోకి దారి పడవచ్చు, అన్నిటికంటే భయంకరమైనది పక్కనుంచి పోయే పెద్ద రక్తనాళం దాకా ఆ పుండు పాకడం.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో చూడొచ్చు. ఓపీకి వచ్చే తల్లిదండ్రుల కోసం నేను అప్పుడప్పుడు చేసి చూపిస్తుంటాను. రెండు పచ్చి చికెన్ ముక్కలు పల్చగా కోసి, కొంచెం ఉప్పునీళ్ళు చల్లి, మధ్యలో సీఆర్ 2032 అనే రకం బిళ్ళ బ్యాటరీ ఒకటి పెట్టి మూస్తాను. కొద్ది నిమిషాల్లోనే అంచుల దగ్గర సన్నటి బుడగలు, నురగ కనిపిస్తాయి. ఓపీ పూర్తయ్యేసరికి తెరిచి చూస్తే బ్యాటరీ ఆనిన మేర గుండ్రంగా ముక్క నల్లబడి, వేలితో నొక్కితే జిగురుగా జారిపోతుంది. చిన్నవైపు, అంటే ప్లస్ గుర్తు లేని వైపు, ఎక్కువ కాలుతుంది. అది చూశాక ఇంకేమీ చెప్పనక్కర్లేకుండా పోతుంది. మీరు చేస్తే పిల్లలు నిద్రపోయాక చేయండి, అయ్యాక ఆ బ్యాటరీని గుర్తుపెట్టుకుని తీసేయండి, చికెన్ పారేయండి.

ఇంకో అపోహ, అయిపోయిన బ్యాటరీ కదా ఏం చేస్తుందిలే అని. బొమ్మలో లైటు వెలగనంత మాత్రాన బ్యాటరీ చచ్చిపోయినట్టు కాదు. 3 వోల్టుల లిథియం బిళ్ళ బొమ్మని నడపలేని స్థితికి వచ్చినా మీటర్ పెట్టి చూస్తే చాలాసార్లు 2 వోల్టులకి పైనే చూపిస్తుంది. నీరు విడిపోవడానికి ఒకటిన్నర వోల్టు కూడా అక్కర్లేదు. నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఎక్కువగా గుర్తుండిపోయినది కూడా పాత బ్యాటరీదే. ఇంట్లో తాతగారికి షుగర్ చూసుకునే మిషన్, అందులో బ్యాటరీ మార్చి పాతది టీవీ స్టాండ్ మీద పెట్టారు, సాయంత్రం షాపుకి తీసుకెళ్ళి అలాంటిదే కొనాలని. పద్నాలుగు నెలల పాప, అప్పుడప్పుడే పట్టుకుని నిలబడుతోంది, చెయ్యి అందింది. అమ్మమ్మ గమనించి, టీవీ స్టాండ్ ఖాళీగా ఉండటం చూసి, ఎవరినీ అడక్కుండా ఆటో ఎక్కేసింది. గంటలోపే ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దించి బ్యాటరీ తీయడం, అయింది, లోపల ఎర్రగా కమిలింది అంతే, పాప వారంలో మామూలైంది. ఆవిడ "ముందు చూద్దాంలే" అని ఉంటే కథ వేరుగా ఉండేది.

ఇక అన్ని బ్యాటరీలూ ఒకటి కాదు, ఇది కొంచెం వివరంగా చెప్పాలి. బ్యాటరీ మీద రాసిన నంబరే దాని కొలత. సీఆర్ 2032 అంటే వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. సీఆర్ 2025 అయితే అదే వెడల్పు, మందం 2.5. సీఆర్ 2016కి మందం 1.6. 20 మిల్లీమీటర్లు అన్నదే ప్రాణాంతకమైన కొలత. నాలుగేళ్ళలోపు పిల్లల అన్నవాహికలో అది సరిగ్గా ఇరుక్కుంటుంది, కిందికి పోదు, పైకి రాదు. పైగా లిథియం కాబట్టి 3 వోల్టులు. చిన్నవి, ఎల్ఆర్ 44 అనేది 11.6 మిల్లీమీటర్లు, ఎల్ఆర్ 41 ఎనిమిదికి కొంచెం తక్కువ, ఒకటిన్నర వోల్టువి. ఇవి మింగితే చాలావరకు కడుపులోకి జారిపోతాయి. ఏడాది లోపు పిల్లల్లో మాత్రం ఇవి కూడా ఇరుక్కోవచ్చు. పెద్దపిల్లల్లో వీటితో వచ్చే చిక్కు ముక్కులో, చెవిలో పెట్టుకోవడం, దాని సంగతి తర్వాత చెప్తాను.

మీ బాబు బొమ్మల విషయానికి వద్దాం. టేప్ ఎందుకు చాలదంటే, రెండేళ్ళ పిల్లాడికి టేపే ఒక ఆట. దాని కొస దొరికేదాకా గోరుతో గీకుతూ కూర్చుంటాడు. ఎండకి, చెమటకి, చొంగకి దాని జిగురు పోతుంది. మీ ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ ఒకసారి మంచం మీద పోసి, వెనక వైపు తిప్పి చూడండి. నా టేబుల్ సొరుగులో స్టెతస్కోపు పక్కనే ఒక చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఉంటుంది, ఎందుకంటే పిల్లలు చేతిలో బొమ్మతోనే లోపలికి వస్తారు, నేను ముందు బొమ్మని చూసి తర్వాత పిల్లల్ని చూస్తాను. చూసేది ఇంతే: బ్యాటరీ ఉన్నచోట మూతకి స్క్రూ ఉందా, ఆ స్క్రూ గట్టిగా బిగిసి ఉందా, మరలు అరిగిపోయి ఉత్తినే తిరుగుతోందా. గోరుతో, నాణెంతో, లేదా నొక్కి జరిపితే తెరుచుకునే మూత అయితే ఆ బొమ్మ ఈ వయసుకి పనికిరాదు. స్క్రూ ఉన్నా, ఒకసారి అడుగు ఎత్తు నుంచి నేల మీదికి వదలండి. మూత కదిలినా, ప్లాస్టిక్ పగిలినా పక్కన పెట్టేయండి. మూతే లేకుండా అతికించేసిన బొమ్మలు కూడా ఉంటాయి, అవి పగిలేదాకా భద్రమే, పగిలిన రోజు నుంచి కాదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ఏదైనా గలగలలాడితే దాన్ని ఇంక ఇవ్వకండి.

జాతరల్లో, తిరునాళ్ళలో, రైల్లో, గుడి బయట అమ్మే లైటు బొమ్మల గురించి గట్టిగా చెప్పాలి. వేలికి తొడుక్కునే ఎల్ఈడీ ఉంగరాలు, వెలిగే బొంగరాలు, రబ్బరుతో ఆకాశంలోకి వదిలే హెలికాప్టర్లు, వెలిగే కొమ్ముల హెయిర్ బ్యాండ్లు. వీటిలో చాలావాటికి స్క్రూ ఉండదు. ఉంగరం వెనక చిన్న ప్లాస్టిక్ పట్టీ లాగితే లైటు వెలుగుతుంది, ఆ పట్టీ పక్కనే రెండు మూడు చిన్న బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి, రబ్బరు తొడుగు లాగితే చేతిలోకి వచ్చేస్తాయి. పదో ఇరవయ్యో రూపాయలే కదా, పిల్లాడు ఏడుస్తున్నాడని కొంటాం. ఆ ఏడుపు ఐదు నిమిషాల్లో ఆగిపోతుంది, ఈ వయసులో అవి కొనకండి. రాఖీ పండక్కి ఇప్పుడు పిల్లల కోసం లైట్లు వెలిగే రాఖీలు వస్తున్నాయి, అన్నయ్య చేతికి కట్టింది మర్నాటికి చెల్లెలి నోట్లో ఉంటుంది. రెండు రోజుల తర్వాత అది ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు కూడా.

కొత్తవి కొనేటప్పుడు ఏం చూడాలో కూడా చెప్తాను. మన దేశంలో 2020లో బొమ్మల నాణ్యత ఉత్తర్వు వచ్చింది, 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి. బ్యాటరీతో నడిచే బొమ్మలకి వర్తించే ప్రమాణం ఐఎస్ 15644, మామూలు బొమ్మలకి ఐఎస్ 9873. డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు పైన ఈ నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. ఈ మార్కు ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ లైసెన్సు నంబరు కొడితే కంపెనీ పేరు వస్తుంది, డబ్బా మీద పేరూ అదీ ఒకటేనా చూసుకోవచ్చు. రెండు నిమిషాల పని, షాపులో నిలబడే చేయండి. గుర్తు ఉంది కదా అని మూత చూడటం మాత్రం మానకండి, గుర్తు కొన్నరోజు సంగతి చెప్తుంది, మూడు నెలలు నేలకేసి కొట్టాక బొమ్మ సంగతి మనమే చూసుకోవాలి. చేతివృత్తుల వాళ్ళ బొమ్మలకి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి ఈ ఉత్తర్వులో మినహాయింపు ఉంది, అంటే మన కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక లాంటివి. వాటిలో బ్యాటరీ గొడవే లేదు. ఏటికొప్పాక లక్క బొమ్మలు ఈ వయసు పిల్లలకి నేను మనస్ఫూర్తిగా చెప్తాను, కాకపోతే ఊడివచ్చే చిన్న ముక్కలు లేనివి, పెద్దవి ఎంచుకోండి.

అయితే నా అనుభవంలో బొమ్మ కంటే బొమ్మ కానివాటితోనే ఎక్కువ భయం. బొమ్మల ఉత్తర్వు టీవీ రిమోట్లకి, కారు తాళాలకి, పాడే గ్రీటింగ్ కార్డులకి, దీపావళికి పెట్టే ఎల్ఈడీ దీపాలకి వర్తించదు. కారు తాళం పిల్లాడి చేతికి ఇచ్చి బువ్వ తినిపించే ఇళ్ళు ఎన్నో చూశాను. వంటింట్లో కాటా, బరువు చూసుకునే మిషన్, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్, షుగర్ మిషన్, కాలిక్యులేటర్, తాతగారి చెవి మిషన్, పెద్దపిల్లల స్కూల్ ప్రాజెక్టు కోసం కొన్న బల్బులు, బిళ్ళలు. అమెరికాలో టెక్సాస్‌లో ఏడాదిన్నర పాప రిమోట్‌లోని బిళ్ళ బ్యాటరీ మింగి 2020 డిసెంబరులో చనిపోయింది. ఆ తల్లి పట్టుబట్టి పోరాడితే 2022లో అక్కడ ఆ పాప పేరు మీదే రీస్ చట్టం వచ్చింది, ఇళ్ళలో వాడే వస్తువుల్లో ఈ బ్యాటరీలున్న అరని పిల్లలు తెరవలేకుండా చేయాలని. ఆస్ట్రేలియాలో అదే ఏడాది జూన్ నుంచి ఇలాంటి నిబంధనలే అమల్లోకి వచ్చాయి. ఆ రెండు దేశాల్లో ఉన్న మనవాళ్ళకి ఈ విషయం తెలిసే ఉంటుంది, కానీ ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడు మనవడికి, మనవరాలికి అని సూట్‌కేసులో పెట్టి తీసుకెళ్ళే లైటు బొమ్మల్ని ఏ చట్టమూ పట్టుకోదు, అది అమ్మమ్మలు, నానమ్మలే చూసుకోవాలి.

మారుతున్న విషయం ఒకటి ఉంది. కొన్ని కంపెనీలు ఇప్పుడు ఈ బిళ్ళల మీద భరించలేనంత చేదు పూత వేస్తున్నాయి, కత్తెర లేకుండా చింపలేని ప్యాకింగ్‌లో ఇస్తున్నాయి. దొరికితే అవే కొనండి. చేదుకి చాలామంది పిల్లలు ఉమ్మేస్తారు, కానీ కొందరు నోట్లో వేసుకున్న వెంటనే గుటుక్కుమనిపిస్తారు, కాబట్టి దాన్ని నమ్ముకుని మిగతావి వదిలేయకూడదు.

ఇప్పుడు మింగితే ఏం చేయాలి.

ముందు అనుమానం ఎప్పుడు రావాలో చెప్తాను, ఎందుకంటే మింగుతుండగా చూసేవాళ్ళు తక్కువ. బొమ్మ మూత ఊడి ఉంది, బ్యాటరీ కనపడటం లేదు, పిల్లాడు అక్కడే ఉన్నాడు. ఇంత చాలు. మంచం కింద, సోఫా కింద గంటసేపు వెతకకండి. ఒకరు వెతుకుతుంటే ఇంకొకరు పిల్లాడిని ఎత్తుకుని బయల్దేరాలి. దొరికితే దారిలో ఫోన్ చేస్తే సరిపోతుంది. పిల్లాడు హాయిగా ఆడుకుంటున్నాడు కదా, ఏమీ అయి ఉండదులే అనుకోవద్దు. మొదటి కొన్ని గంటలు ఏ లక్షణమూ లేకపోవచ్చు. కనిపించేవి కూడా మామూలు జలుబు, దగ్గులాగే ఉంటాయి: చొంగ ఎక్కువ కారడం, అన్నం వద్దనడం, నీళ్ళే తాగడం, మింగేటప్పుడు ఏడవడం, వాంతి, దగ్గు, గురకలాంటి శబ్దం, కొంచెం జ్వరం. ఒక బాబుని ఇలాగే నాలుగైదు రోజులు ఒక ఊళ్ళో దగ్గు మందులు, తర్వాత యాంటీబయాటిక్ ఇచ్చి, తగ్గట్లేదని మా దగ్గరికి పంపారు. ముద్ద మింగట్లేదు, పాలు మాత్రం తాగుతున్నాడు అని వాళ్ళమ్మ చెప్పిన ఒక్క మాట మీద ఎక్స్‌రే తీయిస్తే గొంతు కింద గుండ్రటి నీడ, దాని అంచులో ఇంకో గీత. ఆ బాబు బతికాడు, కానీ అన్నవాహిక మచ్చకట్టి సన్నబడిపోయింది, దాన్ని వెడల్పు చేయడానికి మత్తు ఇచ్చి మళ్ళీ మళ్ళీ చేయాల్సివచ్చింది.

ఆ రెండో గీత ముఖ్యం. ఎక్స్‌రేలో రూపాయి బిళ్ళ, బ్యాటరీ రెండూ గుండ్రంగానే కనిపిస్తాయి, కొత్త రూపాయి నాణెం కూడా ఇంచుమించు అంతే వెడల్పు. బ్యాటరీకి అంచున రెండు వలయాలు కనిపిస్తాయి, పక్క నుంచి తీస్తే చిన్న మెట్టు కనిపిస్తుంది. నాణెం అనుకుంటే రేపు తీద్దాం అంటారు, బ్యాటరీ అయితే ఇప్పుడే తీయాలి. అందుకే ఆసుపత్రిలో అడుగు పెట్టగానే మొదటి మాటగా "బ్యాటరీ మింగాడని అనుమానం" అని చెప్పండి, క్యూలో టోకెన్ తీసుకుని కూర్చోకండి. ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఎక్స్‌రే తీయమని అడగండి. మెడ నుంచి పొట్ట దాకా రావాలి. ఇంట్లో అలాంటి బ్యాటరీ ఇంకోటి ఉంటే, లేదా ఆ బొమ్మో ప్యాకెట్టో ఉంటే వెంట తీసుకెళ్ళండి, నంబరు చూస్తే సైజు తెలిసిపోతుంది.

ఎక్కడికి వెళ్ళాలి అన్నది పల్లెల్లో ఉండేవాళ్ళకి పెద్ద ప్రశ్న. ఎక్స్‌రే ఎక్కడైనా తీయొచ్చు, కానీ బ్యాటరీని బయటికి తీసేందుకు పిల్లలకి ఎండోస్కోపీ చేసేవాళ్ళు, మత్తు డాక్టరు కావాలి. మండల కేంద్రంలో అది ఉండదు. బయల్దేరేటప్పుడే ఇంకొకరిచేత జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికో, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికో ఫోన్ చేయించి, ఇప్పుడు ఉన్నారా అని కనుక్కోండి. 108 వెంటనే వస్తే సరే, ఆలస్యం అవుతుందంటే చేతికి దొరికిన బండి ఎక్కేయండి. పిల్లాడికి ఊపిరి ఆడకపోతే మాత్రం దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికే ముందు.

ఇంట్లో చేయకూడనివి. వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్ళు తాగించొద్దు, గొంతులో వేలు పెట్టి తిప్పొద్దు. అరటిపండు, అన్నం ముద్ద, నెయ్యి, ఇవేవీ పెట్టొద్దు. ఇరుక్కున్న బ్యాటరీని అవి కిందికి తోయవు, పైగా కడుపు నిండితే మత్తు ఇవ్వడం కష్టమవుతుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. పెద్దవాళ్ళ మాట పూర్తిగా తప్పని నేను అనను, కడుపులోకి దిగిపోయిన నున్నటి నాణెం చాలావరకు తనంతట తానే బయటికి వచ్చేస్తుంది, వాళ్ళు అది చూసే చెప్తున్నారు. బ్యాటరీ కథ వేరని ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి, వీలైతే ఆ చికెన్ ముక్క చూపించండి.

నోట్లో ఏమీ పెట్టొద్దన్నదానికి ఒకే ఒక్క మినహాయింపు తేనె. అన్నవాహికలో బ్యాటరీ చుట్టూ ఊరే క్షారాన్ని తేనె కొంత విరుస్తుందని, గాయం లోతు తగ్గుతుందని 2018లో అమెరికా పరిశోధకులు పందిపిల్లల మీద చేసిన పరీక్షల్లో తేలింది, తర్వాత అక్కడి విషాల కేంద్రం తన సూచనల్లో చేర్చింది. షరతులున్నాయి, జాగ్రత్తగా చదవండి. పిల్లాడికి ఏడాది నిండి ఉండాలి, ఏడాదిలోపు పిల్లలకి తేనె ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు, అందులో బొట్యులిజం అనే జబ్బు కలిగించే క్రిములు ఉండొచ్చు. మింగి 12 గంటలు దాటకూడదు. పిల్లాడు మింగగలుగుతూ ఉండాలి, తీవ్రమైన జ్వరం, రక్తం, ఆయాసం లాంటివి ఉంటే ఇవ్వకూడదు. అప్పుడు రెండు టీ చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్లు, పది నిమిషాలకోసారి, మొత్తం ఆరుసార్లకి మించకుండా. ఇదంతా ఆసుపత్రికి వెళ్ళే దారిలో జరగాలి. తేనె సీసా కోసం షాపు దగ్గర బండి ఆపొద్దు, ఇంట్లో ఉంటే పట్టుకెళ్ళండి, లేకపోతే వదిలేయండి. బెల్లం పాకం, చక్కెర నీళ్ళు దీనికి బదులు కావు. తేనె పట్టాం కదా అని స్థిమితపడొద్దు, అది గాయాన్ని కొంచెం నెమ్మదింపజేస్తుంది, బ్యాటరీని తీయదు. ఎన్నిసార్లు ఇచ్చారో డాక్టరుకి చెప్పండి.

ఎక్స్‌రేలో బ్యాటరీ కడుపులోకి దిగిపోయిందని తేలితే ప్రమాదం చాలా తగ్గినట్టే. అయినా ఐదేళ్ళలోపు పిల్లలు, 20 మిల్లీమీటర్ల బ్యాటరీ అయితే దిగేదారిలో అన్నవాహికని కాల్చిందేమో చూడాల్సి ఉంటుంది, తీసేయాల్సి కూడా రావచ్చు, ఆ నిర్ణయం డాక్టరుకి వదిలేయండి. విరేచనం చూస్తూ ఇంట్లో ఉండమని చెప్తే మళ్ళీ ఎక్స్‌రేకి ఎప్పుడు రమ్మన్నారో ఆ తేదీ తప్పకండి.

తీసేశాక కూడా కథ అయిపోదు, ఇది చాలామందికి తెలియదు. బ్యాటరీ బయటికి వచ్చాక కూడా కాలిన కండ రోజుల తరబడి కుళ్ళుతూ లోతుకి వెళ్ళొచ్చు. ఇంటికి వెళ్ళిన వారానికో, మూడు వారాలకో ఉన్నట్టుండి రక్తం కక్కిన పిల్లలు ఉన్నారు. కాబట్టి డిశ్చార్జి అయిన తర్వాత కొన్ని వారాల పాటు కొంచెం రక్తం వాంతిలో కనిపించినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, తాగేటప్పుడు దగ్గు, గొంతు బొంగురు వచ్చినా ఫోన్ చేసి అడగడం కాదు, నేరుగా వచ్చేయాలి. ఊళ్ళో ఉన్నామని ఆగొద్దు.

ముక్కు, చెవి సంగతి చెప్తానన్నాను. ఒక్క ముక్కు నుంచే చీము, నల్లటి నీరు, దుర్వాసన వస్తుంటే జలుబు కాదు, లోపల ఏదో ఉంది. బ్యాటరీ అయితే రెండు ముక్కుల మధ్య గోడకి చిల్లు పడుతుంది, అది మళ్ళీ పూడదు. ఒక పాపకి ముక్కు దిబ్బడ అని ఇంట్లోనే సెలైన్ చుక్కలు వేస్తూ వచ్చారు. ఆ ఉప్పునీరే కరెంటు పారడానికి ఇంకా దారి ఇచ్చింది, తీసేసరికి చిల్లు పడనే పడింది. బ్యాటరీ అనుమానం ఉంటే ముక్కులో, చెవిలో ఏ చుక్కలూ వేయొద్దు, నూనె కూడా వద్దు, పిన్నుతో లాగొద్దు. అదే రోజు చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంట్లో అలవాటు చేసుకోవాల్సినవి మరీ ఎక్కువేమీ లేవు. బ్యాటరీ మార్చడం పిల్లాడు నిద్రపోయాక, టేబుల్ మీద, తలుపేసుకుని. కొత్తది పెట్టి స్క్రూ బిగించాకే లేవాలి. పాతదానికి రెండువైపులా టేప్ చుట్టండి (టేప్ పనికొచ్చేది ఇక్కడ), నేరుగా చెత్తబుట్టలో వేయొద్దు, పిల్లలు ముందు చెయ్యి పెట్టేది అందులోనే. బీరువాలో పైఅరలో ఒక మూత సీసాలో దాచి, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చేయండి. మందుల డబ్బాలో మాత్రం పెట్టొద్దు, చెవి మిషన్ బ్యాటరీని మాత్ర అనుకుని పెద్దవాళ్ళే వేసుకున్న సందర్భాలు ఉన్నాయి. స్ట్రిప్‌లో ఐదు బ్యాటరీలు వస్తాయి, ఒకటి వాడి నాలుగు సొరుగులో పడేస్తాం, ఆ నాలుగూ ఎక్కడున్నాయో ఇవాళే చూడండి. పిల్లాడిని చూసుకునే ఆయమ్మకి, అమ్మమ్మకి, క్రెష్‌లో వాళ్ళకి కూడా ఇదంతా చెప్పండి, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఆ అరగంట వాళ్ళ చేతుల్లో ఉంటుంది.

బ్యాటరీ కాకపోయినా ఇంతే ప్రమాదమైనది ఇంకోటి, చిన్న గట్టి అయస్కాంతాలు. పూసల్లాగా అతుక్కునే ఆట సామాను వస్తోంది. ఒక్కటే మింగితే అంత ప్రమాదం ఉండకపోవచ్చు కానీ రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో పెట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పేగుకి చిల్లు పడుతుంది. ఇలాంటివి ఇంట్లో ఉంటే వాటికీ ఇదే వర్తిస్తుంది, అనుమానం రాగానే ఎక్స్‌రే.

ఫోన్లో ఇవి పెట్టుకోండి. అంబులెన్స్ 108. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117, ఉచితం, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి బ్యాటరీ మింగినప్పటి కోసమే ప్రత్యేకంగా ఒక నంబరు ఉంది, 800 498 8666. ఫోన్ ఒకరు చేస్తూ ఉండగానే ఇంకొకరు పిల్లాడితో బండి ఎక్కాలి.